ఆమ్లక్షార వివేచనము

ఢిల్లీ నగరమునుండి ఉత్తరముగా పానిపట్టు, కర్నాలు పట్టణముల మీదుగా పోవు రాజమార్గమునకు ఇరుప్రక్కల ఒకప్పుడు తెల్లని బయళ్లు విస్తారముగా కానవచ్చుచుండెను. వేసవిలో ఆ నేలలమీద ఉప్పు పొరగా పేరుకొని, దూరమునుండి చూచువారికి మంచువలె తోచెడిది. దగ్గరకు పోయి చూచినచో అక్కడక్కడ ఒక గడ్డిదుబ్బు తప్ప పచ్చదనమే యుండెడిది కాదు. ఆ తెల్లని పొరను హిందీలో రేహ్ అందురు. అట్టి నేలకు ఊసర్ అని పేరు. ఇది సంస్కృతమందలి ఊషర శబ్దమునుండి వచ్చినది. హర్యానా, పంజాబు ప్రాంతములలో దానినే కల్లర్ అందురు. తెలుగు దేశమున అది చౌడు.

తెలుగు రైతు చౌడును ఒకే వస్తువుగా ఎంచలేదు. పాలచౌడు అని ఒకటి, కారుచౌడు అని మరియొకటి, రెండు పేర్లు పెట్టినాడు. పాలచౌడులో ఉండునవి ముఖ్యముగా మామూలు ఉప్పు, దాని జాతికి చెందిన మరికొన్ని లవణములు. అవి నీటిలో కరగినను ఆ నీరు ఇంచుమించు తటస్థముగానే యుండును. కారుచౌడులో ప్రధానమైనది చాకలిసోడా, అనగా సోడియం కార్బొనేట్. అది కరగిన నీరు తీక్ష్ణమైన క్షారము. ఆ క్షారము నేలలోని కుళ్లిన ఆకు అలములను కరగించి నల్లని మరకగా పైకి తెచ్చును. కారు అను విశేషణమునకు ఆ నలుపే మూలము. అయితే ఆ మరక అన్నిచోట్ల, అన్ని ఋతువులలో కనబడదు. ఎండిన నెలలలో రెండు నేలలును తరచుగా ఒకే విధముగా తెల్లబడి యుండును.

చూపునకు ఒక్కటిగా నున్న ఈ రెంటికి చికిత్స వేరు. పాలచౌడును మంచినీటితో ముంచి, ఆ నీటిని క్రిందికి ఇంకనిచ్చి, కాలువల ద్వారా బయటికి పంపినచో ఉప్పు కడుగుకొని పోవును. కారుచౌడునకు ఈ చికిత్సయే చేసినచో ఫలముండదు. సోడియం పట్టిన బంకమన్ను తడియగనే ఉబ్బి, విడిపోయి, నేలలోని సన్నని రంధ్రములను మూసివేయును. నీరు ఇంకక పైననే నిలిచి మురికిపట్టును. ఒకదానిని మరియొకటిగా భ్రమించిన రైతు నీరు, శ్రమ, సంవత్సరము అన్నియు కోల్పోవును. పాఠశాలలో బాలుడు ఒక రంగుకాగితపు ముక్కను ముంచి చెప్పు సమాధానము ఇచ్చట ఒక కుటుంబపు అన్నమునకు సంబంధించినది. ఆమ్లమేది, క్షారమేది, రెండును కానిదేది అని నిర్ణయించుటకు మానవుడు మొదట నాలుకను, తరువాత రంగును, చివరకు సంఖ్యను సాక్షులుగా పిలిచినాడు. ప్రతి సాక్షియు ఒక విషయమున నిజము పలికినది, మరియొక విషయమున మౌనము వహించినది.

మొదటి సాక్షి నాలుక. ఆమ్లమను మాటకే పులుపని అర్థము. లాటిను భాషలో ఆసిడ్ అను మాటకు మూలమైన శబ్దమునకును అదే అర్థము. పారసీకము ద్వారా ఉర్దూలోనికి వచ్చిన తేజాబ్ అను పేరు కొంత వేరు త్రోవ త్రొక్కినది. తేజ్ అనగా వాడియైనది, ఆబ్ అనగా నీరు. కంసాలి వెండిని కరగించి బంగారమును వేరుచేయు ఘాటైన ద్రవమును రుచి చూచు సాహసము ఎవరికుండును? కనుక అక్కడ రుచి వెనుకబడి, కోయు గుణము పేరులోనికి వచ్చినది. క్షారము విషయమున మరియొక విశేషమున్నది. ఆల్కలి అను ఐరోపా పదము అరబ్బీనుండి వచ్చినది. ఉప్పునేలలలో పెరుగు మొక్కలను కాల్చగా వచ్చిన బూడిద అని దాని అర్థము. ఆమ్లమునకు పేరు నాలుక పెట్టినది. ఆల్కలికి పేరు పొయ్యి పెట్టినది.

క్షారము రుచియా కాదా అను ప్రశ్న భారతదేశములో మిక్కిలి పూర్వకాలమున చర్చకు వచ్చెను. చరకసంహిత సూత్రస్థానమున ఋషులు, వైద్యులు కూడి రసములెన్ని అని వాదించిన ఘట్టమొకటి కలదు. ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్య చెప్పిరి. విదేహరాజగు నిమి రసములు ఏడనెను. తీపి, పులుపు, ఉప్పు మొదలగు ఆరింటికి అతడు చేర్చిన ఏడవది క్షారము. ఆత్రేయుడు దీనిని అంగీకరింపలేదు. క్షారము రసము కాదనియు, అది పెక్కు రసములు గల వస్తువులనుండి మనుష్యుడు ప్రయత్నపూర్వకముగా తయారుచేసిన ద్రవ్యమనియు, నాలుకకు మాత్రమే కాక ఇతరేంద్రియములకు కూడ అది గోచరించుననియు అతని సమాధానము. ఆరు రసముల లెక్క నిలిచినది. ఈ తీర్పులోని సూక్ష్మత గమనింపదగినది. పులుపును నాలుక సూటిగా పట్టుకొనగలదు. క్షారమునకు అట్టి ప్రత్యేకమైన రుచి దొరకదు. నాలుకపై జారుట, మండుట, ఒకవిధమైన చేదు, అన్నియు కలిసి వచ్చును.

ఈ సందిగ్ధత భాషలలో నేటికిని మిగిలియున్నది. సంస్కృతమందలి క్షార శబ్దము హిందీలో ఖారా యైనది. ఢిల్లీలో ఖారా పానీ అన్నచో ఉప్పునీరు. ఆ నగరములోను చుట్టుపట్ల గ్రామములలోను బావులను మీఠా, ఖారా అని విభజించుట పాతవాడుక. అదే శబ్దము తెలుగులో కారమైనది. తెలుగువారికి కారమనగా మిరపకాయ. ఒకే మాట యమునాతీరమున ఉప్పునకు, గోదావరీతీరమున మిరపపొడికి పేరుగా స్థిరపడినది. రెండు చోట్లను అసలైన క్షారమునకు ఆ వాడుకమాట దక్కలేదు. హిందీనుండి తెలుగులోనికి అనువదించువాడు ఖారా అన్నచోట కారము అని వ్రాసినచో వంటకము మారిపోవును. ఒక రుచికి స్థిరమైన పేరు పెట్టలేకపోవుట ఆ రుచి స్పష్టముగా లేదనుటకు ఒక ఆనవాలు.

నాలుక నిర్ణయింపలేని దానిని చికిత్స కొంతవరకు నిర్ణయించినది. సుశ్రుతసంహితలో క్షారము వండు విధానమునకు ఒక అధ్యాయమే కలదు. చెట్లను కాల్చి బూడిద చేయుట, దానిని నీటిలో కలిపి వడగట్టుట, కాల్చిన సున్నపురాళ్లు చేర్చి కాచుట అందు క్రమముగా చెప్పబడినవి. మృదువు, మధ్యమము, తీక్ష్ణము అని క్షారమును మూడు తరగతులుగా విభజించిరి. మంచి క్షారము అతి తీక్ష్ణముగాను, అతి మృదువుగాను ఉండరాదు, తెల్లగాను నున్నగాను ఉండవలెను అని లక్షణములు పేర్కొనిరి. కలకత్తాలో రసాయనాచార్యుడగు ప్రఫుల్లచంద్ర రాయ్ 1902లో తన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర ప్రథమ సంపుటమును ప్రకటించినప్పుడు ఈ విధానమును విశేషముగా శ్లాఘించెను. బూడిదలోని మృదుక్షారమును సున్నముతో దాహకక్షారముగా మార్చు పని ఇందు స్పష్టముగా నున్నది.

ఆ అధ్యాయముననే మరియొక ముఖ్యవిషయము కలదు. క్షారముతో కాల్చిన పుండుపై పుల్లని ద్రవములు పోసి శమింపజేయవలెనని సుశ్రుతుడు చెప్పెను. అంతటితో ఆగక ఆక్షేపణను తానే కల్పించుకొనెను. పులుపు కూడ అగ్నిగుణము కలదియే. అట్టిది అగ్నివంటి క్షారమును ఎట్లు చల్లార్చును? రెండును కలిసినప్పుడు క్షారము తన తీక్ష్ణతను విడిచి మాధుర్యమును పొందుననియు, నీరు పోసిన నిప్పువలె శమించుననియు అతని ఉత్తరము. ఆధునిక రసాయనశాస్త్రము దీనిని తటస్థీకరణమనును. మాధుర్యమను మాట నేటి విద్యార్థికి వింతగా తోచవచ్చును. కాని రెండు వాడి పదార్థములు కలిసి, వాడిలేని మూడవదానిని పుట్టించుచున్నవను పరిశీలన సరియైనదే. ఆమ్లక్షారములు పరస్పరము ఒకదానినొకటి గుర్తుపట్టు మార్గమును ఆ వైద్యుడు చూచినాడు. వాటిని బయటినుండి గుర్తుపట్టు గురుతు మాత్రము ఆయన చెప్పలేదు.

ఆ గురుతు తెలుగు ఇంటిలో పసుపుడబ్బాలోనే యుండెను. పసుపు నీటిలో సున్నము కలిపినచో ఎర్రబడునని తెలియని ఇల్లాలు లేదు. పెండ్లికూతురి పాదములకు పూయు పారాణి, శుభకార్యములందు దిష్టి తీయు ఎర్రనీళ్లు ఈ మార్పువలననే ఏర్పడుచున్నవి. కుంకుమ తయారీలోను ఇదే ధర్మము పనిచేయును. ఉత్తరదేశమున పసుపుమరక పడిన బట్టకు సబ్బు రాయగనే ఎర్రనగుట, జాడించిన పిదప మరల పచ్చనగుట ప్రతి రేవునందును చూచినదే. పసుపులోని కర్కుమిన్ అను వర్ణద్రవ్యము క్షారమందు రంగు మార్చుకొనుటయే ఇందులకు కారణము. పారాణిపై నిమ్మరసము పిండినచో ఎరుపు తొలగి పసుపు తిరిగి వచ్చును. రెండువేల సంవత్సరముల క్రిందటి వైద్యుడు చెప్పిన శమనము ఇచ్చట కంటికి కనబడుచున్నది.

అయినను పసుపు అర్ధసాక్షి మాత్రమే. క్షారము వచ్చినప్పుడు అది పలుకును. నిమ్మరసమందును, చింతపులుసునందును, మంచినీటియందును అది ఒకే పచ్చదనముతో ఉండును. ఎర్రబడినది క్షారమని చెప్పవచ్చును గాని, ఎర్రబడనిది ఆమ్లమని చెప్పుటకు వీలులేదు. ఆమ్లమును, తటస్థమును వేరుచేయుటకు రెండు దిక్కులకును కదలగల రంగు కావలెను. 1664లో రాబర్టు బాయిల్ లండనులో ప్రకటించిన వర్ణవిషయక గ్రంథమున అట్టి రంగు కనబడినది. వయొలెట్ పూల పానకము ఆమ్లమందు ఎర్రగాను, క్షారమందు ఆకుపచ్చగాను మారుటను అతడు వర్ణించెను. ఆ పానకము అంతకుముందే వైద్యుల వాడుకలోనిది. ఆ మార్పును పదార్థములను వర్గీకరించు నియమముగా ఉపయోగించుట అతని విశేషము. ఎటును మార్చనిది మూడవ వర్గము. రుచి చూడకయే, ప్రాణభయము లేకయే, ఎవరు చేసినను ఒకే ఫలమునిచ్చు పరీక్ష ఏర్పడినది. కాలక్రమమున రాళ్లపై పెరుగు ఒకజాతి శిలావల్కములనుండి తీసిన లిట్మస్ రంగు పానకపు స్థానమును ఆక్రమించినది. ఆమ్లమందు ఎరుపు, క్షారమందు నీలము.

రంగు కూడ మోసగింపవచ్చును. టంకణమునుండి తీసిన బోరిక్ ఆమ్లమును పసుపుకాగితముపై వేసి ఆరనిచ్చినచో, ఆమ్లమైయుండియు కాగితమును ఎర్రనివన్నెకు తిప్పును. పసుపు ఎర్రబడినది కనుక క్షారమని తొందరపడువాడు ఇచ్చట పొరపడును. ఆ ఎరుపు వేరొక సమ్మేళనమువలన కలిగినది. దానిపై క్షారము చుక్క వేసినచో ఆకుపచ్చ కలిసిన నలుపు వచ్చి నిజము బయటపడును. గంధకపు పొగ కలిసిన ద్రవములలో లిట్మస్ రంగే వెలసిపోవును. అనుభవముగల పరీక్షకుడు ఒక్క సాక్షిపై ఆధారపడక రెండవదానిని పిలుచును.

ఈ విద్య ఢిల్లీకి దేశభాషలో వచ్చిన కథ వేరు. అజ్మీరీ దర్వాజా చెంతనున్న గాజీయుద్దీను మదరసా 1825లో ఢిల్లీ కళాశాలగా రూపొందెను. 1840వ దశకమున అచ్చట ఏర్పడిన దేశభాషా అనువాద సంఘము గణితము, ప్రకృతిశాస్త్రములు, చరిత్ర మొదలగు విషయములపై గ్రంథములను ఉర్దూలోనికి తెప్పించినది. గణితశాస్త్రజ్ఞుడుగా పేరొందిన మాస్టరు రామచంద్ర అచ్చట విజ్ఞానబోధ చేసి, పత్రికలద్వారా నూతనశాస్త్రములను సామాన్యులకు పరిచయము చేసెను. ఐరోపా శాస్త్రమును మాతృభాషలో చెప్పవచ్చునను విశ్వాసము ఆ కళాశాలలో వేరూనినది. 1857 విప్లవకాలమున కళాశాల గ్రంథాలయము కొల్లగొట్టబడినది, ఆ ప్రయత్నము చెదరిపోయినది. అయితే తేజాబ్ అను మాట బజారులోను, పాఠములోను నిలిచినది.

శాస్త్రపదములు అనువాదములో నిలుచునప్పుడు ఒక్కొక్కసారి పొరపాట్లు కూడ వాటితో నిలుచును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాజియే 18వ శతాబ్దిలో ప్రాణవాయువే ఆమ్లములన్నిటికి కారణమని నమ్మి, ఆమ్లమును పుట్టించునది అను అర్థమున గ్రీకు ధాతువులతో దానికి ఆక్సిజన్ అని పేరుంచెను. తెలుగులో తొలి శాస్త్రరచయితలు ఆ పేరును నిష్ఠతో ఆమ్లజని అని తెలిగించిరి. కాని 1810లో హంఫ్రీ డేవీ ఉప్పునుండి తీయు ఘాటైన ఆమ్లములో ప్రాణవాయువు లేనేలేదని నిరూపించెను. అనగా తెలుగులో ఆమ్లజని అను పదము పుట్టక పూర్వమే దాని అర్థము కాలము చెల్లినది. ఆమ్లత్వమునకు కారణముగా తరువాత స్థిరపడినది ఉదజని. పేరు ఒకదానిదై పని మరియొకదానిదైన ఈ వైపరీత్యము ఆమ్లమును గుర్తించుట ఒకటి, దానిని వివరించుట మరియొకటి అని చూపుచున్నది. లిట్మస్ కాగితము లవాజియే సిద్ధాంతమును అడుగక, అతడు పొరపడిన ఆమ్లములో సైతము ఎర్రగానే మారినది.

స్వాతంత్ర్యానంతరము పదముల సమస్య ఢిల్లీకి తిరిగి వచ్చెను. 1961లో భారతప్రభుత్వము శాస్త్రీయ, సాంకేతిక పదావళి సంఘమును నెలకొల్పెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన దౌలత్‌సింగ్ కొఠారీ దాని తొలి అధ్యక్షుడు. హిందీ పాఠ్యగ్రంథములలో ఆమ్లమునకు అమ్ల్ అను పదము స్థిరపడినది. రెండవ పక్షమున హిందీవారు రెండు మాటలు ఏర్పరచుకొనిరి. ఆమ్లమును తటస్థపరచు ప్రతిదియు క్షారక్, వాటిలో నీటిలో కరగునది క్షార్. ఈ భేదము నిరర్థకము కాదు. ఇనుపతుప్పు వంటి కరగని పదార్థము ఆమ్లముతో కలిసి లవణము కాగలదు, కాని నీటిలో ఉంచినప్పుడు లిట్మస్‌ను నీలముగా మార్చలేదు. తెలుగు పాఠ్యగ్రంథములు రెంటికిని సాధారణముగా క్షారమనియే వాడుచున్నవి. హిందీ గ్రంథమును తెలుగు చేయువాడు ఇచ్చట ఆగి, ఏ క్షారమో సందర్భమునుబట్టి వివరింపవలసి వచ్చును. రంగుకాగితము ఎదుట ఏది పలుకును, ఏది పలుకదు అను విషయమే ఆ రెండు మాటల నడుమ నున్న ఎడము.

పుస్తకములలో ఈ భేదములు ఏర్పడుచుండగా, ఢిల్లీ వెలుపల భూమిలో మరియొక చరిత్ర నడచుచుండెను. 14వ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ యమునానది నీటిని హిస్సారు వైపునకు కాలువగా త్రవ్వించెను. 17వ శతాబ్దిలో షాజహాను కాలమున అలీ మర్దాన్ ఖాన్ పేరుతో ప్రసిద్ధమైన కాలువ ఆ నీటిని ఢిల్లీకి తెచ్చినది. మొగలు ప్రభుత్వము క్షీణించిన పిదప అది పూడిపోగా, ఆంగ్లేయులు బాగుచేయించి 1820లో ఢిల్లీకి నీరు మరల పారించిరి. నీరు వచ్చిన కొలది సేద్యము పెరిగినది. కాని కాలువగట్లు వర్షపునీరు సహజముగా పోవు దారులకు అడ్డుపడెను. కాలువ ఊటవలన భూగర్భజలము పైకి లేచెను. నేలలోతున నిద్రించుచుండిన లవణములు ఆ నీటితో కూడ పైకి ప్రాకి, ఎండకు నీరు ఆవిరి కాగా, తెల్లని పొరగా మిగిలెను. 1850లలో కర్నాలు చెంతనున్న మూనక్ గ్రామస్థులు తమ పొలములు చెడిపోవుచున్నవని మొరపెట్టుకొనిరి.

ఆ మొర శాస్త్రజ్ఞులను కదిలించినది. భూగర్భశాస్త్రవేత్తయగు మెడ్లికాట్ 1863లో రేహ్‌ను గురించి, నదులలోను కాలువలలోను పారు నీటిని గురించి ఒక పరిశోధనపత్రమును ప్రకటించెను. 1870వ దశకపు చివరిభాగమున ప్రభుత్వము రేహ్ సమస్యను విచారించుటకు ప్రత్యేకముగా ఒక సంఘమును నియమించెను. తెల్లని పొరలను తెచ్చి కరగించి విశ్లేషింపగా, మామూలు ఉప్పు, సోడియం సల్ఫేటు, సోడియం కార్బొనేట్ ఒక్కొక్కచోట ఒక్కొక్క పాలులో కలిసియున్నట్లు తేలినది. రేహ్ అను ఒక్క పేరుక్రింద అనేక ద్రావణములు దాగియుండెను. పాలచౌడు, కారుచౌడు అని తెలుగు రైతు చేసిన విభజనను రసాయనశాల తన భాషలో ధ్రువపరచినది. చాకలివారు రేహ్ మట్టిని, సజ్జీని ఏరితెచ్చి బట్టలుదుకుట ఉత్తరదేశమున అనాదిగా నున్న వాడుక. మురికి విడువు మట్టి క్షారము గలదని వారి చేతులకు ముందే తెలియును. తెలియవలసినది ఎంత క్షారమున్నది అనుటయే.

ఎంత అను ప్రశ్నకు రంగు సరియైన జవాబీయలేదు. దానికి సిద్ధాంతము కావలసి వచ్చెను. స్వీడనుదేశీయుడగు అరీనియస్ 1880వ దశకమున లవణములు, ఆమ్లములు, క్షారములు నీటిలో విద్యుదావేశముగల అయానులుగా విడిపోవునని ప్రతిపాదించెను. ఆమ్లము ఉదజని అయానులను, క్షారము హైడ్రాక్సైడు అయానులను ఇచ్చుననియు, రెండును కలిసి నీరగుటయే తటస్థీకరణమనియు తేలినది. 1909లో కోపెన్‌హాగెన్ నగరమున కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన సోరెన్సెన్ ఆ ఉదజని అయానుల గాఢతను చిన్న సంఖ్యలతో తెలుపు మానమును కల్పించెను. అదియే పీహెచ్. స్వచ్ఛమైన నీటికి అది సుమారు 7. అంతకు తగ్గినది ఆమ్లము, మించినది క్షారము. ఈ మానమున ఒక్క మెట్టు మారినచో గాఢత పదిరెట్లు మారును. కనుక పీహెచ్ 10 గల నేలనీరు తటస్థజలముకంటె మూడు మెట్లు కాదు, వేయిరెట్లు క్షారగుణము కలది. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ గాజు ఎలక్ట్రోడుతో ఈ సంఖ్యను తిన్నగా చూపు యంత్రమును నిర్మించెను. గంధకపు పొగ కలిపి నిలువచేసిన నిమ్మరసమును పరీక్షించుటకై అది పుట్టినది. నాలుకకు మొదటి పాఠము చెప్పిన నిమ్మపండు యంత్రమునకును కారణమైనది.

1969లో కర్నాలులో కేంద్రీయ మృత్తికా లవణత పరిశోధనాసంస్థ నెలకొనెను. నేడు కర్నాలు జిల్లా జాతీయ రాజధాని ప్రాంతములో భాగము. పీహెచ్ 10కి పైబడిన నేలలు ఆ సంస్థకు గుమ్మము ముందే యుండెను. పుల్లనిది క్షారమును చంపునను పాతసూత్రమును బట్టి పొలములకు ఆమ్లము పోయవలెనని తోచును. వారు ప్రచారము చేసిన మందు జిప్సం. జిప్సం పులుపు కాదు. నాలుకకు చప్పగా నుండును, లిట్మస్‌ను కదిలింపదు. దాని బలము వేరు. అందలి కాల్షియం బంకమన్నును పట్టిన సోడియమును తరిమి ఆ స్థానమున తాను నిలుచును. నేలలోని సోడియం కార్బొనేట్ జిప్సముతో కలిసి, కరగని సున్నపురాయిగాను, నీటిలో కరగు సోడియం సల్ఫేటుగాను మారును. అనగా కారుచౌడు ముందు పాలచౌడగును. పిదప నీటితో కడుగుటకు లొంగును. ఎకరమునకు సుమారు 4 నుండి 6 టన్నుల జిప్సం పైమట్టిలో కలిపి, నీరు నిలిపి, మొదటి పంటగా వరి నాటుట పద్ధతి. వరివేళ్లు విడుచు బొగ్గుపులుసువాయువు నీటిలో కరగి మృదువైన ఆమ్లమై, నేలలోని సున్నపురాయిని కొంచెము కొంచెముగా కరగించును. సుశ్రుతుని పులుపు ఈ విధముగా వేళ్లచెంత తన పని తాను చేయుచున్నది.

భారతదేశమున లవణపీడితమైన నేలలు సుమారు 67 లక్షల హెక్టార్లనియు, అందు 37 లక్షలకు పైగా క్షారనేలలనియు అంచనా. ఈ రెండు సంఖ్యలను విడదీయు గీతయే ఆమ్లక్షార పరీక్ష. పొలములో నిలిచి ఫినాఫ్తలీన్ చుక్కలు మట్టిపై వేసి గులాబిరంగు వచ్చునేమో చూచుట సులభమైన ప్రథమ పరీక్ష. ఆ ద్రవము పీహెచ్ 8 దాటిన పిదపనే రంగు చూపును కనుక కారుచౌడును పాలచౌడునుండి ఇంచుమించుగా వేరుచేయును. తరువాత ప్రయోగశాల సంఖ్య చెప్పును. అయినను సంఖ్యకును ఒక మౌనమున్నది. పీహెచ్ ఒకటిగా నున్న రెండు నేలలు ఒకే మోతాదు జిప్సం కోరవు. ఒకదానిలో బంకమన్ను ఎక్కువై, దాచుకొన్న సోడియం అధికముగా నుండవచ్చును. ద్రావణము ఈ క్షణమున ఎంత క్షారముగా నున్నదో పీహెచ్ చెప్పును. ఎంత క్షారమును వెనుక నిలువ ఉంచుకొన్నదో చెప్పదు. అందువలననే జిప్సం అవసరమును కొలుచుటకు వేరొక పరీక్ష చేయుదురు. లవణముల మొత్తమును తెలుసుకొనుటకు నీటి విద్యుద్వాహకతను కొలుచుదురు. 2015లో దేశమంతట ప్రారంభమైన భూసార ఆరోగ్యపత్రములందు పీహెచ్, విద్యుద్వాహకత ప్రక్కప్రక్కనే వ్రాయబడుచున్నవి. మొదటిది కారుచౌడును, రెండవది పాలచౌడును పట్టును. ఒక్కటి మాత్రమే చదివినవానికి నేల సగమే తెలిసినట్లు.

పూర్వులు ఒక్కొక్క సాక్షిని పిలిచినప్పుడు దానితోనే సత్యము పూర్తియైనదని తలచుట సహజము. నాలుక పులుపును చెప్పినది, క్షారమువద్ద తడబడినది. పసుపు క్షారమును చెప్పినది, ఆమ్లమువద్ద మిన్నకుండెను. లిట్మస్ పక్షమును చెప్పినది, పరిమాణమును చెప్పలేదు. పీహెచ్ తీవ్రతను చెప్పినది, నిలువను చెప్పలేదు. క్రొత్తది వచ్చినప్పుడు పాతది అబద్ధము కాలేదు. దాని హద్దు ఎక్కడ నున్నదో తెలిసినది. కర్నాలు చెంత ఒకప్పుడు ఎవరికిని పనికిరాక తెల్లగా పడియున్న ఎన్నో బయళ్లలో నేడు శీతకాలమున గోధుమ, వర్షకాలమున వరి పండుచున్నవి. ఆ పచ్చదనమునకు ముందు ఎవరో ఒకరు గుప్పెడు మట్టిని నీటిలో కలిపి, అది ఏ తెలుపో అడిగి తెలుసుకొని, తగిన మందు వేసినారు. కారుచౌడు, పాలచౌడు అను రెండు మాటలు తెలుగు రైతు నోట ఇంకను వినబడుచునే యున్నవి. ఆ రెంటిని ఒక్కటిగా చేసి చౌడు అని మాత్రమే వ్రాయు అనువాదకుడును, ఆ రెంటికి ఒకే నీరు పెట్టు సేద్యకాడును ఒకే నష్టమును కొనితెచ్చుకొందురు.